స్విచ్చిబోర్డులలో ఆర్కు: విచారణ యెట్లుండవలెను?

ఎచ్చటనైనను కరెంటు ప్యానెలు మాడి మనుష్యులు మడిసినచో, మఱునాటి యుదయమున మనకు వినవచ్చు మాట యొక్కటియే: షార్టుసర్క్యూటు. బట్టల దుకాణము తగులబడినను, ఆసుపత్రిలో వార్డు తగులబడినను, విద్యుత్కేంద్రమే తగులబడినను ఈ యొక్క మాటతో సర్వము సమాప్తమగుచున్నది. అధికారి యా మాట చెప్పును, విలేఖరి వ్రాయును, పాఠకుడు నిట్టూర్చి పుట త్రిప్పును. అయ్యా, ఇది కారణమా? ఫలాని మనుష్యు డేల మరణించెనని యడిగినవానికి ‘ఊపిరి యాగిపోవుటచే’ నని చెప్పుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఊపిరి యేల యాగెనన్నది ప్రశ్న. ఒక బస్‌బారు నుండి మఱియొక బస్‌బారునకు కరెంటు గాలిలో నేల దుమికెను? దుమికిన పిదప దాని నాపవలసిన సాధనము ఎంతసేపటి కాపెను? ఆపకపోయినచో ఏల ఆపలేదు? వీనికి ప్రత్యుత్తర మీయని విచారణను విచారణయని పిలువ వలనుపడదు.

శ్రీశైలమున జరిగిన ఘోరమును పాఠకులు మఱచియుండరు. 2020 సంవత్సరము ఆగష్టు 20వ తేది రాత్రి ఎడమగట్టు జలవిద్యుత్కేంద్రమున మంటలు లేచెను. ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆఱు యూనిట్లు, మొత్తము 900 మెగావాట్ల కేంద్రమది. కొండ కడుపులో, భూగర్భమున నిర్మితమైనది. పొగ వెలికిపోవ దారిలేక సొరంగము లన్నియు నిండెను. తొమ్మండుగురు ప్రాణములు విడిచిరి. వారిలో ఏడుగురు జెన్కో యుద్యోగులు, ఇరువురు బ్యాటరీల పనికై వచ్చిన కంపెనీవారు. ప్యానెలులో షార్టుసర్క్యూటని తొలినాడే వార్త వెడలెను. రాష్ట్రప్రభుత్వము సి.ఐ.డి. విచారణకు ఉత్తరువు చేసెను. లోపల చిక్కుకొనినవారిని వెదకుటకై సింగరేణి గనుల రక్షకదళ సహాయమును గూడ కోరిరి. పొగ నిండిన సొరంగములలో మనుష్యులను వెదకు విద్య తెలిసినవారు మన రాష్ట్రమున వారేకదా!

శ్రీశైలమునకు సహాయము పంపవలసిన ఆ సింగరేణి సీమలోనే ఈ ప్రశ్న ఇంటింటి ప్రశ్నయై యున్నది. రామగుండము, గోదావరిఖనులను దాటి మంథని దిశగా పోవునపుడు సెంటినరీ కాలనీ కనబడును. 1889లో బొగ్గు త్రవ్వకము నారంభించిన కంపెనీకి నూఱేండ్లు నిండిన సందర్భమును ఆ పేరు స్మరింపజేయుచున్నది. ఆ ప్రక్కనే అడ్రియాల లాంగ్‌వాల్ గని. పూర్వము తట్టబుట్టలతో, పలుగుపారలతో తీసిన బొగ్గును ఇప్పుడు అచ్చట మహాయంత్రములు కోయుచున్నవి. కోతయంత్రము, కప్పును మోయు ఉక్కుస్తంభములకు బలమిచ్చు పంపులు, బొగ్గును మోయు బెల్టు, నీరు తోడు మోటారు, గాలి నిచ్చు ఫ్యాను, వీనిలో ప్రతిదాని వెనుకను ఒక స్విచ్చి పెట్టె గలదు. కొలది మైళ్ళ దూరమున 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రము ఆ బొగ్గునే కాల్చి కరెంటు చేయుచున్నది. బొగ్గునకు కరెంటు, కరెంటునకు బొగ్గు. ఈ రెంటి నడుమ చేతిలో స్పానరుతో ప్యానెలు ముందర నిలిచియున్న మనుష్యుడు. వాని ప్రాణమునకు సంబంధించినది ఈ వ్యాసము.

ఆర్కు అనగా నేమి? గాలి స్వభావముచే కరెంటును పోనీయదు. కాని ఏ హేతువుచేతనైనను రెండు లోహముల నడుమ గాలి మిక్కిలి వేడెక్కి, దాని పరమాణువులు విడివడి విద్యుదావేశమును పొందినచో, ఆ గాలియే తీగవలె కరెంటును మోయ నారంభించును. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో హంఫ్రీ డేవీ రెండు బొగ్గుకడ్డీల నడుమ ఈ వెలుగును లోకమునకు చూపెను. కడ్డీల నడ్డముగా నుంచినపుడు వేడిగాలితోకూడ వెలుగు విల్లువలె పైకి వంగుటచే దానికి ఆర్కని పేరు గలిగెను. 1902లో హెర్తా అయర్టన్ అను విదుషి దీనిపై ఒక ఉద్గ్రంథమును ప్రకటించెను. ఆమె చూపిన సత్యములలో ముఖ్యమైన దిది: సామాన్యమైన తీగలో కరెంటు పెరిగినకొలది దానిని నెట్టుటకు వోల్టేజి హెచ్చుగా కావలెను, ఆర్కునందు దీనికి విపరీతము. కరెంటు పెరిగినకొలది దానికి కావలసిన వోల్టేజి తగ్గును. అనగా నది యొకపరి పుట్టినచో తన దారిని తానే వెడల్పు చేసికొనును. ఆనాడు వీధిదీపముల కొఱకు కనుగొన్న ఈ ధర్మమే నేడు ప్యానెలులో మృత్యుధర్మమగుచున్నది.

దాని వేడి మాటలకు లొంగునది కాదు. ఆర్కు నడిమి యుష్ణత 20,000 సెంటిగ్రేడు డిగ్రీల దాక పోగలదని అంచనా. సూర్యుని యుపరితలమున నున్నది 5,500 డిగ్రీలు మాత్రమే. రాగి 1,085 డిగ్రీలకు కరగును. ఆర్కులో కరగుటతో నాగక ఆవిరియై పోవును. అట్లు ఆవిరియైనపుడు దాని పరిమాణము దాదాపు 67,000 రెట్లు పెరుగునని చెప్పుదురు. పేటిక తలుపులు ఊడి మనుష్యుని విసరివేయుట కిదియే మూలము. 1982లో రాల్ఫ్ లీ అను అమెరికా ఇంజనీరు ఆర్కుచే గలుగు కాలిన గాయములను గూర్చి వ్యాసము ప్రకటించువఱకు కరెంటు ప్రమాదమనగా షాకు తగులుటయే యని చాలమంది యింజనీర్లే తలచుచుండిరి. తీగను ముట్టకయే, బారెడు దూరమున నిలిచియే మనుష్యుడు మరణింపవచ్చునని లోకమున కప్పుడు గట్టిగా తెలిసెను.

ఇక రక్షణసాధనముల సంగతి. ఇచ్చటనే సామాన్యబుద్ధికి తట్టని వింత యొకటి గలదు. రెండు బస్‌బార్లపై పలుగు పడి గట్టిగా నదుముకొన్నచో కరెంటు వఱదవలె పాఱును, రిలే తక్షణము గుర్తించును, బ్రేకరు విడిపోవును. నష్టము స్వల్పము. కాని ఆర్కున గాలిదారి కొంత నిరోధమును కల్పించుటచే ప్రవాహము తగ్గిపోవును. 415 వోల్టుల బోర్డులలో నది యదుముకొనిన షార్టులోని ప్రవాహమున సగమునకును తగ్గవచ్చును. మన రిలేలలో ననేకము ‘కరెంటు తక్కువైనచో నిదానించుము’ అను నియమముపై నడచునవి. కావున దొంగ మెల్లగా నడచుచున్నాడు గదాయని కావలివాడు ఉపేక్షించినట్లు, ఆర్కును చూచి రిలే వేచియుండును. పదవవంతు సెకండులో నాగవలసిన మంట ఒక సెకండు మండినచో, మనుష్యునిపై బడు వేడి పదిరెట్లగును. వెలుతురును కనిపెట్టి మిల్లీసెకండ్లలో ఆజ్ఞ యిచ్చు రిలేలు నేడు దొరకుచున్నవి. పాత బోర్డులలో వానిని చేర్పించుటకు ధనమెంత యగునని లెక్కించువారు, చేర్పింపనందున నగు వ్యయమును గూడ లెక్కింతురుగాక.

భూస్వాములైన పాఠకులు ఈ మాట పట్టణముల వారికే యని తలపరాదు. తమ పొలములలో బావికడ మోటారు పెట్టెను తెఱచి చూచుకొందురుగాక. ఫ్యూజు పోయినప్పుడెల్ల సరియైన తీగ దొరకక, రెండు మూడు పేటలు మెలివేసిన లావు రాగితీగను బిగించుట మన పల్లెలలో పరిపాటి. ఇక పోదు గదాయని సంతోషము! పోవుటకే ఫ్యూజు పుట్టినది. అది పోకుండ చేసితిమేని ఆ పెట్టె తలుపు తెఱచు జీతగాని చేతులు ఫ్యూజుకు బదులు కాలును.

బ్రేకరునకు ఆజ్ఞ యందిన మాత్రమున చాలదు; దానిని కదలించుటకు బలము కావలెను. ఆ బలమును బ్యాటరీలు, సామాన్యముగా 110 గాని 220 గాని వోల్టుల డి.సి., ఇచ్చుచుండును. ప్రధాన సరఫరాయే కుప్పగూలిన క్షణమున గూడ రిలేలు, బ్రేకర్లు పనిచేయవలెననియే దీనిని వేఱుగా నుంతురు. బ్యాటరీ బలహీనమైనచో కావలివానికి కన్నులుండును గాని చేతులుండవు. కావున బ్యాటరీల పని సాగుచున్న యే కేంద్రమునందైనను మంట లేచినచో విచారణకర్త మొట్టమొదట అడుగవలసిన దిది: ఆ నిమిషమున డి.సి. వోల్టేజి యెంత యుండెను? పాత బ్యాటరీ విప్పి క్రొత్తది తగిలించు నడిమికాలమున దానికి బదులేమి యుంచిరి? రిలే ఆజ్ఞ యిచ్చెనా, ఇచ్చినచో బ్రేకరు కదలెనా? రిలేల జ్ఞాపకమున ఇవి మిల్లీసెకండ్ల లెక్కతో నిలిచియుండును. అయితే ఒక రిలే గడియారము మఱియొక రిలే గడియారముతో పొసగకున్నచో ముందు వెనుకలు తాఱుమాఱగును. గడియారములను సరిచూడకయే నివేదికలు వ్రాయువారును లేకపోలేదు.

ఇప్పుడు మాడిన పేటికను చదువు విద్యకు వత్తము. ఇందు ప్రవేశము లేనివారు అధికముగా మాడినచోటునే మంట పుట్టినచోటని నిర్ణయింతురు. ఇది గొప్ప పొరపాటు. ఆర్కు కరెంటుగావున దాని చుట్టును అయస్కాంతబలము గలదు. ఆ బలము దానిని సరఫరా వచ్చు దిక్కునుండి దూరముగా నెట్టుచుండును. బస్‌బార్ల వెంబడి అది పరుగెత్తి, బార్లు ముగియుచోటనో, అడ్డుపలక తగిలినచోటనో నిలిచి యచ్చట ఘోరముగా దహించును. పుట్టినచోట చిన్న మచ్చ మాత్రమే మిగులును. అనగా దొంగ దొరకిన యూరు వేఱు, కన్నము వేసిన యిల్లు వేఱు. దారిపొడవున నున్న చిన్న చిన్న గుంటలను, రాగిపూసలను భూతద్దముతో వెనుకకు వెదకికొనుచు పోయినగాని జన్మస్థానము దొరకదు.

రాగి తాను పొందిన వేదనను దాచుకొనలేదు. ఆర్కుచే కరగిన రాగికి అంచు స్పష్టముగా నుండును. ప్రక్కనే అంగుళము దూరమున లోహము చెక్కుచెదరకయుండును. మంటలో కరగిన దట్లు కాదు; క్రమముగా పలుచనై, జాఱి, వంగియుండును. మొదటిది చెప్పునది ఇచ్చట ఆర్కు పుట్టెననియో సాగెననియో. రెండవది చెప్పునది మంట యితరత్ర పుట్టి యిచ్చటికి వచ్చెనని. ఇక నెలల తరబడి వేడెక్కిన యతుకు వేఱొక భాష మాటలాడును. అచ్చట రాగి రంగుమాఱి నల్లబడి యుండును, కేబులు తొడుగు ముట్టినంతనే పెళపెళలాడును, వాషరు తన స్థితిస్థాపకతను కోల్పోయి యుండును. ఒక్క క్షణపు ఆర్కు వీని నిట్లు చేయజాలదు.

ఈ యతుకులను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఏలన మన ప్రాంతపు ప్యానెళ్ళలో నాకు అన్నిటికన్న అధికముగా శంక పుట్టించున దిదియే. బోల్టు కొంచెము వదులైనచో అచ్చట నిరోధము పెరుగును. నిరోధము పెరిగినచో వేడి పెరుగును, అదియును కరెంటు వర్గముననుసరించి. వేడికి లోహము వ్యాకోచించును, రాత్రి చల్లబడి సంకోచించును. ప్రతిదినము బోల్టు మఱికొంత వదులగును. నడుమ చొఱబడిన గాలి యాక్సైడు పొరను కట్టును. నిరోధము మఱికొంత పెరుగును. ఇట్లు ఋణముపై వడ్డి పెరిగినట్లు దోషము తన్ను తాను పెంచుకొనును. అల్యూమినియము కేబులును రాగి బస్‌బారునకు తిన్నగా బిగించినచో తేమ తగిలి రెండు లోహముల నడుమ తుప్పు పుట్టును. అల్యూమినియము ఒత్తిడికి మైనమువలె మెల్లగా జరిగిపోవును. దీనికి రెండు లోహముల వాషర్లు, తగిన లగ్గులు గలవు. ఇంకను, బోల్టును బలమంతయు నుపయోగించి బిగించుట పనితనమని తలచుటయు తప్పే. మితిమీఱి బిగించిన యతుకు లోలోపల నలిగి పిమ్మట వదులగును. కొలత గల టార్కు స్పానరుతో బిగించి, బిగించిన గుఱుతుగా రంగుగీత గీయుట ఎంత పని!

దీనికి తోడు మన సీమ వాతావరణము. ప్యానెళ్ళ ప్రమాణములు చుట్టునున్న గాలి 40 డిగ్రీలను మించదను నెపముతో నిర్ణయింపబడినవి. మే మాసమున రామగుండమున 45 దాటుట ఎవ్వరికిని క్రొత్త కాదు. రేకు గదిలో, తలుపు మూసిన పేటికలో ఎంత యుండునో ఊహించుకొనవచ్చును. అట్టి గది గోడపై వ్రాసిన ఆంపియర్ల సంఖ్యను నమ్మి లోడు వేయువాడు వేసవిలో తన ప్యానెలును ఋణపడవేయుచున్నాడు. పిమ్మట వర్షములు వచ్చును. వేసవి యంతయు పింగాణీపై, రెసినుపై పేరుకొనిన బొగ్గుదుమ్ము తడిసి, సన్నని నల్లని దారి యేర్పడును. ఆ దారిని కొంచెము కొంచెము కరెంటు ప్రాకి, దానిని బొగ్గుగా మార్చి, చివర కొకనాడు మెఱయును. ఎలుకలు, బల్లులు, పాములు కేబులు కన్నముల గుండ పేటికలో ప్రవేశించి బస్‌బార్ల నడుమ పడుటయు నుండును. దీనికి శాస్త్రము కన్న కన్నములు మూయు ముద్ద యే యుత్తమము.

గని లోపలి పేటికలు మఱియొక జాతి. మీథేను వాయువు గాలిలో నూటికి 5 మొదలు 15 వఱకు నున్నచో ప్రేలును, 1.25 దాటగనే ఆ ప్రదేశమున కరెంటు తీసివేయవలెనని మన నియమము. స్విచ్చి నుండి వచ్చు నిప్పురవ్వ వాయువునకు తగులకుండ ఫ్లేంప్రూఫ్ పేటికలు చేసిరి. లోపల వాయువు ప్రేలినను పేటిక తట్టుకొని, జంటపలకల సన్నని సందున మంటను చల్లార్చి పంపును. కాని యది లోపలి వాయువు ఒక్కపరి ప్రేలుటకు చేసిన కవచము. బలమైన ఆర్కు ఆగక మండినచో ఇనుపగోడనే తొలిచి వెలికి రాగలదు. కవచమున్నదిగదాయని రిలేను ఉపేక్షింపరాదు. నేలకు పాఱు దోషప్రవాహమును గని లోపల ఆంపియరులోపలనే బంధించుట ఇచ్చటి మఱియొక గొప్ప యేర్పాటు. అనేక ఆర్కులు ఫేజునకును పేటికగోడకును నడుమనే పుట్టును గావున వాని కాహారమే దొరకదు. అయినను ఫేజునకు ఫేజునకు నడుమ పుట్టినదానికి ఈ బంధనము వర్తింపదు.

ఇక తుదిప్రశ్న, అన్నిటికన్న బాధాకరమైనది. ప్రమాదమున మరణించినవాడు మాటలాడలేడు. కావున నివేదికలలో వానిపై నేరము మోపుట సులభము: తలుపు తెఱచెను, కరెంటు తీయకుండ పనిచేసెను, బ్రేకరును తప్పుగా తోసెను. నిజమే కావచ్చును. అయినను విచారణ యచ్చట నాగరాదు. కరెంటుండగా తలుపు తెఱచుకొనునట్లు ఆ ప్యానెలు ఏల యున్నది? తాళపు అంతర్బంధనమును ఎవ్వరు, ఎప్పుడు, ఏ పని తొందరలో తొలగించిరి? సరఫరా తీయుమని యతడడిగినచో ఉత్పత్తి యాగునని కాదనినవా రెవ్వరు? ఆర్కును తట్టుకొను దుస్తులు పర్మనెంటు ఉద్యోగికి నిచ్చి, అదే పేటిక ముందు నిలుచు కంట్రాక్టు కూలికి నూలు చొక్కాతోనే పంపిరా? మరణించినవాని చేతితప్పును నిరూపించిన విచారణ ఒక మనుష్యుని గూర్చి చెప్పును. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పిన విచారణ ఆ ప్యానెలు ముందు రేపు నిలువబోవువానిని గూర్చి చెప్పును.

చట్టము లేక కాదు. 2003 నాటి విద్యుచ్ఛాసనము 161వ సెక్షను ప్రకారము ప్రాణనష్టము జరిగినచో విద్యుత్తనిఖీ యధికారికి తెలుపవలెను. కారణమేమియో, రక్షణనియమములు పాటించిరో లేదో విచారించి నివేదింప ప్రభుత్వము ఆజ్ఞాపింపవచ్చును. గనులకు ధన్‌బాదులోని గనుల భద్రతా డైరెక్టరేటు ఉన్నది. మనకు కొఱతయైనది ఆ నివేదికలు బీరువాలు దాటి వచ్చుట. ప్రమాదమైన ప్యానెలును విప్పుటకు ముందు ముద్రవేసి, రిలేల జ్ఞాపకమును సరఫరా పునరుద్ధరింపక పూర్వమే తీసికొని, అదే చేతులు అదే కాలమున బిగించిన ప్రక్క ప్యానెళ్ళను గూడ తెఱచి బోల్టులు కొలువవలెను. మాడినది చెప్పలేనిదానిని మాడని తోబుట్టువులు చెప్పును. విచారణ ముగిసిన పిమ్మట దాని సారాంశమును తెలుగున వ్రాయించి, గని దిగు కార్మికులు హాజరు వేయించుకొను గదిలో అంటింపవలెను.

మఱియు నొకటి. మాడిన బస్‌బార్లను తుక్కుక్రింద తూకమునకు అమ్ముట ప్రస్తుతాచారము. సెంటినరీ కాలనీలోనే జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి మంథని ఇంజనీరింగు కళాశాల గలదు. విచారణ ముగిసిన ప్యానెళ్ళలో ఒకటిరెంటిని ఆ కళాశాలకు పంపినచో, రాగిపై ఆర్కు వ్రాసిన వ్రాతను మన పిల్లలు బల్లపై నుంచుకొని చదువుకొందురు. దీనికి కంపెనీవారి కగు ఖర్చు ఒక లారీ కిరాయి.